పదమూడు ఇళ్ల సంతకాలు

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా గల్లీలో వీధి నల్లా మళ్లీ పెట్టాలని మున్సిపల్ ఆఫీసుకు ఇచ్చిన అర్జీ కింద పదమూడు ఇళ్లవాళ్ల సంతకాలు ఉండేవి. పదమూడూ నేనే పెట్టాను. ఒకే మధ్యాహ్నం, మా దుకాణం వెనక గదిలో కూర్చుని, నాలుగు రకాల పెన్నులతో.

డైరీలో ఆ రోజు పేజీ తీసి చూస్తే వాన పడిందని మాత్రమే ఉంది. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా దాని ముందు కూడా నిజం చెప్పలేకపోయాను.

మాది మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం. ముందువైపు బజారు, వెనకవైపు గల్లీ. పైన రెండు గదుల్లో మేముంటాం. మేమంటే నాన్న, నేను. అమ్మ నేను ఇంటర్ చదువుతున్నప్పుడు పోయింది. డిగ్రీ అయ్యాక నాన్న నన్ను దుకాణంలో కూర్చోమన్నాడు. మొదటి రోజే ఒకామె వచ్చి అన్నం వండే గంజు చూపించమంది. నేను తీసిచ్చింది చూసి, ఇది కాదు, ఇంకొంచెం లోతుగా ఉన్నది కావాలంది.  నేను ఇప్పుడే వస్తానని కూడా అనకుండా లోపలికి వెళ్లి, ఆమె వెళ్లిపోయేదాకా బయటికి రాలేదు.  నాలుగో రోజు నాన్న గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్ తెచ్చి వెనక గదిలో కిటికీ పక్కన పెట్టాడు.

పెన్ను లావున ఉంటుంది అది. కరెంటు పెడితే తుమ్మెదలా మోగుతుంది. కొన్నవాళ్లు చెక్కాల్సిన పేరు చిన్న చిట్టీ మీద రాసి గిన్నెలో వేస్తారు. నేను దాన్ని చూసి గిన్నె మీద చెక్కుతాను. పెళ్లికి పెట్టిపోతల బిందెలు, కొత్త ఇల్లు చొచ్చినప్పుడు పంచే డబ్బాలు, పిల్లల పాలగ్లాసులు, అన్నీ నా దగ్గరికే వస్తాయి. చిట్టీలు పారేయబుద్ధి కాక ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాను. ఒక్కొక్కరి రాత ఒక్కో రకం. కొందరు వాలుగా రాస్తారు, కొందరు ఒత్తి రాస్తారు, కొందరు తమ పేరు చివర గీత గీస్తారు. మా గల్లీలో ప్రతి ఇంటి చిట్టీ నా దగ్గర ఉండేది. వాళ్ల పేర్లు నాకు తెలుసు. ఏ పేరు ఏ మనిషిదో చాలావరకు తెలియదు.

ఆ కిటికీలోంచి కనబడేలా, గల్లీ మూల మీద, వీధి నల్లా ఉండేది. నా చిన్నప్పుడు పొద్దున ఆరింటికి నీళ్లు వచ్చేవి. బిందెల వరుస మా గోడ దాకా ఉండేది. ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అని కొట్లాట. కొట్లాటలోనే నవ్వులు, ఎవరింట్లో ఎవరికి జ్వరం, ఎవరి కోడలు ఎప్పుడు వస్తుంది, అన్నీ అక్కడే. అమ్మ ఒక బిందెకు వెళ్లి గంట తర్వాత వచ్చేది. నేను కిటికీ పక్కన కూర్చుని విని, బాగున్న మాటలు నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నాకు డైరీ అలా అలవాటైంది.

తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది. అది మంచిదే. మా ఇంట్లో మొదటిసారి నల్లా తిప్పినప్పుడు నాన్న చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, ఊరికే నవ్వాడు. ఇంటింటికీ ఇచ్చాం కనుక వీధిలో ఎందుకని కొన్నాళ్లకు మూల మీది నల్లా పీకేశారు. మూలింటాయన ఆ జాగాలో తన స్కూటర్ ఇంట్లోకి ఎక్కించడానికి సిమెంటు వాలు కట్టుకున్నాడు. గల్లీలో పొద్దున చప్పుడు పోయింది. నేను కిటికీ పక్కన కూర్చుంటే నా మిషన్ మోత ఒక్కటే వినబడేది.

నల్లా రానిది ఒక్క అవ్వ ఇంటికి.

అవ్వ అంటే మాకు చుట్టం కాదు. మా ఎదురుగోడ పక్కన రేకుల గదిలో ఒక్కతే ఉండేది. పరకాల దగ్గరి పల్లె నుంచి ఎప్పుడో భర్తతో వచ్చింది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. తెల్లవారకముందే మార్కెట్టుకు పోయి ఆకుకూరలు తెచ్చి బజారు మూల మీద అమ్మేది. ఆ గది ఉన్న స్థలం గురించి ఇంటివాళ్ల మధ్య కోర్టు కేసు ఉంది. ఇంటి నంబరు లేదు, పన్ను కట్టిన కాగితం లేదు. కాగితం లేనిదే నల్లా ఇవ్వరు. అవ్వకు తాగడానికి, వండుకోవడానికి మాత్రమే కాదు, కూర వాడిపోకుండా చల్లడానికి కూడా నీళ్లు కావాలి.

ఆమె రోజుకొక ఇంటికి వెళ్లేది. ఏ ఇంటికీ వారంలో రెండోసారి వెళ్లేది కాదు. నీళ్లు పట్టుకున్న ఇంట్లో ఊరికే రాకుండా కాసేపు కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరిపెట్టేది, లేకపోతే వాకిలి ఊడ్చి వచ్చేది. వాళ్లు అడిగేవాళ్లు కాదు. అలాగని వద్దనేవాళ్లూ కాదు.

ఒకరోజు నాన్న అన్నాడు, "గిన్ని ఇండ్లు ఎందుకు తిరుగుతానవ్ అవ్వా? దినాం మా ఇంట్లనే పట్టుకపో. ఎవరొద్దన్నరు?"

"నువ్వు వద్దనవు సేటూ. గదే నాకు కష్టం."

"గదేం మాట?"

"నీ నల్లా కాడ పట్టుకుంటే నువ్వు మంచోనివని యాది పెట్టుకోవాలె. నువ్వు కోపంల ఉన్ననాడు నీ మొకం జూడాలె. సర్కారు నల్లా కాడ గా లొల్లి లేదు. తిప్పితే వస్తయ్, బంద్ జేస్తే పోతయ్. ఎవలకు దండం పెట్టేది లేదు."

నాన్న నవ్వాడు. నేను ఆ మాట రాత్రి డైరీలో రాసుకుని చాలాసేపు చూశాను.

ఎందుకంటే అది నా మాట కూడా. నాకు ఎవరినైనా ఏదైనా అడగడం కంటే అది లేకుండా ఉండటమే తేలిక. కానీ లైబ్రరీకి వెళ్తే రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చోవచ్చు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. అక్కడ పోటీ పరీక్షలకు చదివేవాళ్ల మధ్య కూర్చుని, వాళ్ల పుస్తకాలంత లావున్న నవల పెట్టుకుని చదువుకుంటాను. బస్సులో సీటు కూడా అంతే. టికెట్ చేతిలో ఉంటే కిటికీ పక్కన కూర్చోవడానికి ఎవరి దయా అక్కర్లేదు. అందరూ రోడ్ల గురించి, ఉద్యోగాల గురించి సర్కారును అడుగుతారు. అడగాల్సిందే. నాకు, అవ్వకు కావాల్సింది ఇంకొకటి కూడా ఉంది. ఎవరికీ రుణపడకుండా వెళ్లి నిలబడగల చోటు. ఒక్కరే ఉండేవాళ్లకు అది ఎంత అవసరమో చుట్టూ మనుషులున్నవాళ్లకు తెలియదనుకుంటాను.

గత సంవత్సరం ఎండాకాలం అయిపోతుండగా అవ్వ వెనక తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో తెల్లకాగితం, నలగకుండా పాత క్యాలెండర్ మధ్యలో పెట్టుకుంది.

"బిడ్డా, బిందెల మీద ముత్యాలు పోసినట్టు రాస్తవంట. నాకొక కాయితం రాసిపెట్టు."

"ఎవరికి అవ్వా?"

"సర్కారుకు."

పక్క గల్లీలో ఉండే మనిషికి అన్నట్టుగా చెప్పింది.

నాకు సంతోషమేసింది. మాట్లాడమంటే రాదు కానీ రాయమంటే వస్తుంది. బల్ల మీద కాగితం పరిచి, బడిలో నేర్చుకున్నట్టు పైన చిరునామా, కింద విషయం రాసి, ఒక పేజీ నింపి చదివి వినిపించాను. అందులో జీవనాధారమైన జలం కరువై అలమటిస్తున్న నిరుపేద వృద్ధురాలు ఉంది.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవలే గీ ముసల్ది? నాకే పాపమనిపిస్తాంది."

"నువ్వే అవ్వా."

"నేనెందుకు అలమటిస్త? దినాం రెండు బిందెలు తెచ్చుకుంటాన. గదంత తీసెయ్యి. ఈడ నల్లా ఉండె, పీకిన్రు, మల్ల పెట్టుండ్రి అని రాయి. అడుక్కున్నట్టు రాయకు. జర గట్టిగ రాయి. తిట్టినట్టు మాత్రం రాయకు."

మళ్లీ రాశాను. ఐదు వాక్యాలు అయింది. అవ్వ వేలిముద్ర వేసింది. ఇప్పటికీ నేను రాసినవాటిలో అదే మంచిదని నా నమ్మకం.

ఆఫీసుకు ఆమె ఒక్కతే పోయి వచ్చింది. అక్కడి గుమస్తా మర్యాదగానే మాట్లాడాడట. ఒక్కరు అడిగితే వీధి నల్లా ఇవ్వరు, గల్లీ వాళ్లందరూ సంతకాలు పెట్టి తేవాలి అన్నాడట. అవ్వ ఆ కాగితం మళ్లీ నా బల్ల మీద పెట్టింది.

"నువ్వు తిరుగు బిడ్డా. సదువుకున్నదానివి. నేను తలుపు కొడితే నీళ్లకొచ్చిన్ననుకుంటరు."

సరే అన్నాను. ఎందుకు సరే అన్నానో నాకు తెలియదు. కాదనడానికి కూడా మాట కావాలి కదా.

మొదటి ఇల్లు మాకు నాలుగు అడుగులు. తలుపు ముందు నిలబడ్డాను. లోపల టీవీ మోగుతోంది. ఎవరో తిరగమోత పెడుతున్నారు, ఆ ఘాటుకు నాకు దగ్గు వస్తోంది. తలుపు కొట్టడానికి చెయ్యి లేపాను. ఏమని మొదలుపెట్టాలి? అక్కా అనాలా, ఆంటీ అనాలా? నేనెవరో వాళ్లకు తెలుసా? చెయ్యి లేపే ఉంది. లోపలి నుంచి చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చేసరికి గబగబా వచ్చేశాను. రెండో రోజు ఇంకో ఇంటి దాకా వెళ్లి, ముగ్గు తొక్కుతానేమోనన్న సాకుతో తిరిగొచ్చాను. మూడో రోజు వాన పడింది. బయటికి వెళ్లనే లేదు. బిస్కెట్ డబ్బా తీశాను.

ఒక్కో ఇంటికి ఒక్కో చిట్టీ. వాలు రాతను వాలుగా, ఒత్తు రాతను ఒత్తి రాశాను. మూలింటాయన పేరు మాత్రం వదిలేశాను. దొంగతనంగా కూడా ఆయన పేరు రాసే ధైర్యం చాలలేదు. చివరిది నాన్నది. దానికి చిట్టీ అక్కర్లేదు. అమ్మ పోయాక కాలేజీ కాగితాల మీద నాన్న సంతకం నేనే పెట్టుకునేదాన్ని, ఆయన్ను దుకాణం వదిలి రమ్మనడం ఎందుకని.

ఇది తప్పని అప్పుడు అనిపించలేదంటే అబద్ధం. కానీ అడిగితే వాళ్లు కాదంటారా, ఎలాగూ పెడతారు కదా, నేను ఆ అడగడం ఒక్కటి తప్పిస్తున్నాను అని సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం అవ్వ వచ్చి కాగితం చేతిలోకి తీసుకుంది. సంతకాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ జరిపింది.

"గిందరా! గా పచ్చగేటామె గూడ పెట్టిందా?"

"పెట్టింది."

"ఏమన్నది?"

దానికి నేను సిద్ధంగా లేను. "అవ్వకు కావాలంటే పెట్టనా అంది" అన్నాను.

అవ్వ కళ్లు పెద్దవయ్యాయి. "గట్లన్నదా? మొన్న మోటరు బంద్ జేసుకుని నీళ్లు లేవన్నది గదనే! మరి గా మేడింటాయన?"

మేడింటాయన కూడా మంచి మాటే అన్నట్టు చెప్పాను. ఆ తర్వాత ఇంటివాళ్లు కూడా. అవ్వ ప్రతి ఇంటి గురించి అడిగింది. ప్రతి ఇంటి తరఫునా నేను ఒక మాట కల్పించాను. నా నోటి నుంచి ఒక్కసారిగా అన్ని మాటలు రావడం అదే మొదలు. అవన్నీ వేరేవాళ్ల మాటలు, వాళ్లు ఎన్నడూ అననివి.

"ఎవరికీ చెప్పకు అవ్వా. పని అయ్యేదాకా" అన్నాను.

"చెప్తనా? మేలు జేసినోళ్ల మొకం మీద మేలు జేసిన్రంటే సిగ్గుపడతరు" అంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మకం అయ్యాక అవ్వ ఖాళీ బుట్టతో కాకుండా నిండు బుట్టతో గల్లీలోకి వచ్చింది. ఒక్కో గుమ్మం ముందు ఆగి కొత్తిమీర కట్ట ఒకటి పెట్టి, ఏమీ చెప్పకుండా పోయింది. నేను కిటికీ వెనక ఉన్నాను. పచ్చగేటామె కట్ట ఎత్తి వాసన చూసి పక్కింటామెతో అంది, "అవ్వకేమైందే? పైసలడగకుంట పుక్యానికి ఇచ్చిపోతాంది."

"మిగిలిపోయి ఉంటది. పారేసుడెందుకని."

ఆ తర్వాత రోజుల్లో అవ్వ నడక మారింది. ఇదివరకు గోడ పక్కగా పోయేది, ఇప్పుడు గల్లీ నడుమ నడిచేది. ఎవరి అరుగు మీద పడితే వాళ్ల అరుగు మీద కూర్చునేది. పలకరిస్తే వాళ్లూ పలికేవాళ్లు. అవ్వ సంతోషంగా ఉంటే చూసి వాళ్లకు కూడా నవ్వొచ్చేది. నా అబద్ధం నిజమైపోతోందా అని ఒక్కోసారి ఆశపడ్డాను.

అవ్వ ఆ కాగితం ఇచ్చి వచ్చిన ఇరవై రోజులకు ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. మనిషి నెమ్మది. మూల మీద నిలబడి పాత పైపు ఎక్కడుందో కాలితో తట్టి చూస్తున్నాడు. అవ్వ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. మూలింటాయన బయటికి వచ్చాడు.

"ఏంది సార్, నా ఇంటి ముంగట?"

"నల్లా కావాలని గల్లీ వాళ్లు పిటిషన్ పెట్టిన్రు."

"ఏ గల్లీ వాళ్లు? ఇంటింటికి నల్లా ఉన్నంక ఎవరు పెడతరు? పేర్లు చదువుండ్రి సార్, నేను గూడ వింట."

సారు మొదటి పేరు చదివాడు. పచ్చగేటామె చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేను పెట్టలే సార్" అంది. అవ్వ ఆమె వైపు చూసి నవ్వింది, పరాచికం ఆడుతోందనుకుని. రెండో పేరు చదివితే మేడింట్లోంచి ఆయన భార్య, "ఏమో సార్, మా ఆయనకు ఏ కాయితం కనబడ్డా సంతకం పెట్టే బీమారి ఉంది. వచ్చినంక అడగాలె" అంది. అందరూ నవ్వారు.

మూడో పేరు చదివాడు. పాతకాలం పేరు. చిట్టీ మీద చూసి ఎవరో పెద్దామె అనుకున్నాను నేను. ఎదురింటి కోడలు గుమ్మంలోకి వచ్చింది. భుజాన పసిపిల్ల నిద్రపోతోంది.

"ఇగో సార్, గామె ఈమెనే. మా అత్త పేరు పెట్టుకున్నం. నిద్రపోయింది, లేపాల్నా?"

గల్లీ అంతా గొల్లున నవ్వింది. "ఏడు నెలల పోరి సంతకం పెట్టిందట! ఇగ పలక ఎందుకు, సీదా నౌకరే!" అని ఎవరో అన్నారు. సారు కూడా నవ్వాడు. ఆ చిట్టీ ఆ పాప పాలగ్లాసుది. ఆ పేరు నేనే చెక్కాను. గ్లాసు చిన్నదని కూడా నాకు తట్టలేదు.

నవ్వు అయిపోయాక పచ్చగేటామె అడిగింది, "అంటే మా పేర్లు ఎవరు రాసిన్రు మరి?" తర్వాత అవ్వ వైపు తిరిగింది. "ఓ అవ్వా! గందుకేనా కొత్తిమీర పంచినవ్? సంతకాలకు లంచమా?"

అవ్వ ఇంకా నవ్వు ముఖంతోనే ఉంది. ఆ నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూశాను. ఆమె ఒక్కసారి పచ్చగేటు వైపు, ఒక్కసారి మేడ వైపు, తర్వాత నేల వైపు చూసింది. నా కిటికీ వైపు మాత్రం చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

"నేనే పెట్టిచ్చిన సారూ" అంది.

"ఎవరితోని?"

"బజార్ల ఒకాయన. ఇప్పుడు లేడు. ఊరు పోయిండు."

"వేలిముద్ర తప్ప రానిదానివి, ఇన్ని సంతకాలు జేయిస్తివా! తెలివి మాత్రం బాగుంది" అన్నాడు మూలింటాయన.

చప్పుడు విని నాన్న దుకాణంలోంచి వచ్చాడు. సారు కాగితం చూపించి, "చివరిది నీది సేటూ. నీదేనా?" అన్నాడు. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. పైన రాసిన ఐదు వాక్యాలు కూడా చదివినట్టున్నాడు. ఆ రాత ఆయన దుకాణంలో ప్రతి బిందె మీదా ఉంది.

"నాదే" అన్నాడు.

సారు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "ఇద్దరికోసం నల్లా ఇయ్యరు పెద్దమ్మా. నేను రాసుకపోతే నాకే మాటొస్తది" అన్నాడు. అతని తప్పేం లేదు.

ఇదంతా జరుగుతుంటే నేను కిటికీ రెక్క చాటున నిలబడి ఉన్నాను. మిషన్ ఇంకా చేతిలో మోగుతూనే ఉంది. మెట్లు దిగక్కర్లేదు, తలుపు తీస్తే గల్లీ. మూడు మాటలు అంటే చాలు, అవి నేను పెట్టాను. అనలేదు.

ఆ సాయంత్రం అన్నం తింటూ నాన్న తలెత్తకుండా అన్నాడు, "నా సంతకం కింద గీత ఎడమ దిక్కు సంది మొదలైతది. నువ్వు కుడి సంది గీసినవ్."

నేను ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"పప్పుల ఉప్పు తక్కువైంది" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు.

నీళ్లు ఎవరూ కాదనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అవ్వ బిందె పట్టుకుని వెళ్తే ఎవరో ఒకరు, "సంతకం గూడ పెట్టాల్నా అవ్వా?" అనేవాళ్లు. సరదాకే అనేవాళ్లు. రోజుకో ఇల్లు కదా, ప్రతి ఇంట్లో వాళ్లకు అది మొదటిసారి అన్నట్టే ఉండేది. అవ్వకు మాత్రం రోజూ. కొన్నాళ్లకు ఆమె గల్లీలో నీళ్లు అడగడం మానేసి, దూరంగా బజారు చివర టీ బండి వాళ్ల దగ్గర పట్టుకుని మోసుకొచ్చేది. మళ్లీ గోడ పక్కగానే నడిచేది. నేను మూడుసార్లు ఆమె గది ముందు దాకా వెళ్లాను. ఆ తలుపుకు గొళ్లెం కూడా సరిగా లేదు, కొట్టక్కర్లేదు, తోస్తే చాలు. మూడుసార్లూ తిరిగొచ్చాను.

కార్తీకం వెళ్లాక ఒకరోజు పొద్దున ఆమే వచ్చింది. చంకలో తన పాత బిందె, శుభ్రంగా తోమి ఉంది.

"దీనిమీద పేరు కొట్టు బిడ్డా. బిడ్డ కాడికి పోతాన, ఏటూరునాగారం దిక్కు. ఇంటి ముంగట బోరింగు ఉన్నదట. గాడ శానా బిందెలుంటయట, కలిసిపోతయ్."

బిందె ఒళ్లో పెట్టుకుని చెక్కాను. ఆమె పేరు అర్జీ మీద రాసినప్పటి నుంచి నాకు తెలుసు. కానీ నోటితో ఒక్కసారీ పలకలేదు. అవ్వ గుమ్మంలో కూర్చుని నా చేతినే చూస్తోంది. అయిపోయాక వేలితో అక్షరాలు తడిమింది.

"గిది నేనేనా?"

"నువ్వే అవ్వా."

"గిదైతె దొంగది గాదు గద?"

 నేను మిషన్ వైరు చుట్టడం మొదలుపెట్టాను. అవ్వ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"కొత్తిమీర వాపసు అడుగుదామనుకున్న. తినేసి ఉంటరు తియ్యి" అంది. బిందె దగ్గరికి లాక్కుని, "ఒక్కటి చెప్పు. ఒక్క తలుపన్న కొట్టినవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె "అచ్చా" అని కొంగు దులుపుకుని లేచింది.

ఇప్పుడు ఆమె గదికి తాళం ఉంది. పోయేముందు కూతురి ఫోన్ నంబరు చెబితే డైరీలో రాసుకున్నాను. రెండుసార్లు చేశాను, కలవలేదు. కలిసి ఉంటే ఏమనేదాన్నో తెలియదు.

ఈ వానాకాలంలో ఐదు వాక్యాల అర్జీ మళ్లీ రాశాను. ముందుగా ఎదురింటి తలుపు కొట్టాను, ఎందుకంటే అక్కడే ఎక్కువ భయం. కోడలు తలుపు తీసింది. పాప ఇప్పుడు నడుస్తోంది, వచ్చి నా చున్నీ పట్టుకుంది. నేను ఏదో అన్నాను, ఏమన్నానో సరిగా గుర్తులేదు, నల్లా అన్న మాట మాత్రం వచ్చింది. ఆమె చదివి, "ఈ రాత యాడనో చూసిన్నే" అని, పాప చేతిలోని పాలగ్లాసు మీద ఉన్న పేరు వైపు చూసి, నా వైపు చూసి, సంతకం పెట్టింది. ఇంకో ఇంట్లో లోపలికి రమ్మన్నారు, చాయ్ ఇచ్చారు, సంతకం పెట్టలేదు. పచ్చగేటామె, "ఇప్పుడు ఎవరికే నల్లా? అవ్వ గూడ పాయె గద" అంది. కాగితం మడిచి వచ్చేశాను. ఇప్పటికి నాలుగు ఇళ్ల సంతకాలు ఉన్నాయి, ఐదోది నాన్నది. ఆయనే పెట్టాడు, ఎడమ నుంచి గీత గీసి. మూలింటాయన ఇంటికి ఇంకా వెళ్లలేదు.

రోజూ ఒక్క తలుపు దాకా వెళ్దామనుకుంటాను. కొన్ని రోజులు చెయ్యి లేపి తిరిగొస్తాను. గల్లీలో నడుస్తున్నప్పుడు అవ్వ ఊరు వదిలి పోయిన రోజు గుర్తొస్తుంది. ఆటో బజారు వైపు ఉంది. అవ్వ మూట కాళ్ల దగ్గర, బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరు ఉన్న వైపు బయటికి తిప్పి పెట్టుకుంది. నాన్న నీళ్ల సీసా ఇస్తే ఈసారి కాదనకుండా తీసుకుంది. నేను దుకాణం మెట్టు మీద నిలబడ్డాను. ఆటో కదలబోతుంటే ఆమె తల బయటికి పెట్టి నన్ను పిలిచింది.

"నల్లా వస్తే చెప్పు బిడ్డా. కాయితం రాయకు. నువ్వే రా."